వయ్యారిభామను గుర్తుపడదాం



పటాన్‌చెరు కర్మాగారాల ప్రహరీల వెంట, సంగారెడ్డి కాలనీల ఖాళీ ప్లాట్లలో తెల్లని పూలతో కనిపించే వయ్యారిభామను ఉద్యోగం రోజుల నుంచి చూస్తున్నాను. అది మన నేల మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చి, 1950 దశకంలో పూనాలో నమోదైంది. శాస్త్రజ్ఞులు దానిని పొద్దుతిరుగుడు, చేమంతి కుటుంబంలో చేర్చారు. స్వస్థలంలో దానిని తినే పురుగులు వెంట రాలేదు. తడి దొరికితే ఏ కాలంలోనైనా మొలిచి, ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది.

దురద, ఉబ్బసం సంగతి మీకు తెలిసిందే. రైతు నష్టం కూడా చెప్పాలి. 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు తెగులు సోకింది. నష్టం 300 కోట్ల రూపాయల పైమాటే. చూపుకు అది పాత మొవ్వుకుళ్ళు తెగులులాగే ఉంది. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, అది వేరే వైరస్ అని, టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ వైరస్ వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడి వేరుశనగ ఆకులపై పడితే, తామరపురుగులు గీకిన గాయాల గుండా లోనికి పోతుంది.

పేరు సరిగా తేలితేనే మందు తెలుస్తుంది. తెగులు చేనులో, మూలం గట్టుమీద! మన ప్లాట్లలో రాలిన విత్తనం వాననీటితో చేలకు చేరుతుంది. కనుక పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేళ్లతో సహా పీకేద్దాం. తొలకరి పడగానే మన కాలనీలతోనే మొదలుపెడదాం.