కౌన్సెలర్‌కు తెలియాల్సిన చట్టం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సివిల్ ఇంజనీరును. డాక్టర్ను కాను, వకీలునూ కాను. మన సంఘం బడిలో ఒక కౌన్సెలర్‌ను పెట్టాలని తీర్మానించాక, ఆ మనిషికి ఏ చట్టాలు తెలిసి ఉండాలో చూసే పని నేనే అడిగి తీసుకున్నాను. కారణం మా తమ్ముడు. మూడో వరుసలో కూర్చున్నాడు, వాడి అనుమతితోనే చెబుతున్నాను.

1994లో, డిగ్రీ ఫలితాలు వచ్చిన రాత్రి, వాడు ప్రాణం తీసుకోబోయాడు. ఆటోలో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్తే "పోలీసు కేసు, మేం ముట్టుకోం" అన్నారు. ఇంకో చోట చేర్చుకున్నారు, బతికాడు. తెల్లారి డాక్టర్ కన్నా ముందు పోలీసాయన మంచం పక్కన నిలబడ్డాడు. బస్తీలో అందరికీ మలేరియా అని చెప్పుకున్నాం. ఆ తర్వాత పదేళ్లు వాడు ఏ మానసిక వైద్యుడి గడపా తొక్కలేదు. నోరు విప్పితే కేసవుతుందని భయం.

ఆ భయం ఉత్తదేం కాదు. శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద ఆత్మహత్యాయత్నానికి ఏడాది దాకా జైలు ఉండేది. అయినా ఆ నర్సింగ్ హోమ్ చేసింది అప్పటికీ తప్పే. పోలీసు లాంఛనాల కోసం అత్యవసర వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆ సంగతి మాకు తెలియదు. వాళ్లకు తెలుసో లేదో!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. దాని 115వ సెక్షన్ ప్రకారం, వేరే రుజువు లేనంతవరకు అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, పునరావాసం చూడాల్సింది ప్రభుత్వం. 2024 జూలై 1న వచ్చిన న్యాయ సంహితలో పాత 309 లేనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో అలా చేస్తే మాత్రం 226 కింద నేరం. ఇంటర్వ్యూలో నేను అడగబోయే మొదటి ప్రశ్న ఇదే. "కేసవుతుంది బాబూ" అని పిల్లవాణ్ని బెదిరించే కౌన్సెలర్ మనకొద్దు.

రెండోది గోప్యత. 23వ సెక్షన్ ప్రకారం వైద్యం చేసేవారు రోగి విషయాలు బయట పెట్టకూడదు. ప్రాణాపాయం తప్పించడానికో, ఇతరులకు హాని జరగకుండా ఆపడానికో చెప్పాల్సి వస్తే, అందుకు అవసరమైనంతే చెప్పాలి. బడి కౌన్సెలర్‌కు ఈ సెక్షన్ నేరుగా వర్తిస్తుందా అని వకీళ్లు వాదించుకోనివ్వండి, మన నియమం మాత్రం ఇదే కావాలి. సార్లు ఏమీ అనుకోకపోతే ఒక మాట: స్టాఫ్‌రూమ్‌లో ఛాయ్ తాగుతూ పిల్లల ఇంటి గొడవలు చెప్పుకోవడం మన రోజుల్లోనూ ఉండేది.

అయితే అన్నిటికీ గోప్యత కుదరదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు. కాబట్టి "ఎవరికీ చెప్పను" అని కౌన్సెలర్ పిల్లలకు మాట ఇవ్వకూడదు. ఏది దాస్తారో, ఏది దాచలేరో మొదటి రోజే చెప్పాలి.

ఆస్పత్రిలో చేర్పించడం, అక్కడి రోగి హక్కులు ఎర్రగడ్డ దవాఖాన డాక్టర్లు చూసుకునే సంగతులు. ఒక్కటి మాత్రం చెబుతాను. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. గొలుసులు వేయడాన్ని ఈ చట్టం పూర్తిగా నిషేధించింది. దర్గాకో గుడికో తీసుకెళ్లే తల్లిదండ్రులను కౌన్సెలర్ కించపరచనక్కర్లేదు, ఈ సంగతి చెబితే చాలు.

మనం దయతో చేస్తున్న పని కూడా కాదిది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఓ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వంద మందికి పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది.

ఇక నా అసలు వృత్తికొస్తాను. కౌన్సెలర్‌కు మనం చూపించిన గదికీ స్టాఫ్‌రూమ్‌కూ మధ్య ప్లైవుడ్ అడ్డం ఉంది. నిన్న అటువైపు నిలబడి విన్నాను, ప్రతి మాటా వినపడింది. అక్కడ ఇటుక గోడ కట్టించే ఖర్చు నాది. బీరువా తాళంచెవి ఇప్పుడు ఆఫీసులో మేకుకు వేలాడుతోంది, హెడ్మాస్టర్ గారు దాన్ని కౌన్సెలర్ చేతికివ్వాలని మనవి.