సర్వర్ మనల్ని బయటికి గెంటేస్తే ఎలా? డేటా సెంటర్‌లో కేవీఎం స్విచ్ సెటప్

2021 అక్టోబర్ 4 రాత్రి మీలో ఎంతమందికి గుర్తుంది? మన టైమ్ ప్రకారం తొమ్మిది దాటగానే వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. చాలామంది ఫోన్ రీస్టార్ట్ చేశారు, వైఫై తిట్టుకున్నారు, రీఛార్జ్ అయిపోయిందేమో అని చూసుకున్నారు. నేనూ రౌటర్ ఆపి ఆన్ చేశాను. తప్పు మన ఫోన్లది కాదు.

జరిగిందేంటంటే, మెయింటెనెన్స్ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్లని కలిపే బ్యాక్‌బోన్ నెట్‌వర్క్ మొత్తాన్ని పడేసింది. దాంతో డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కి కనపడకుండా పోయాయి. సరే, తప్పు చేశారు, వెంటనే సరిదిద్దొచ్చు కదా? అక్కడే అసలు కథ. మామూలు దారి పోయింది. ఇలాంటప్పుడు వాడాల్సిన విడి దారి, అవుట్ ఆఫ్ బ్యాండ్ అంటారు, అదీ పోయింది. ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్‌కి వెళ్ళాల్సొచ్చింది. అక్కడ సెక్యూరిటీ గట్టిది, లోపలికి పోవడానికే టైమ్ పట్టింది. సర్వీసులు తిరిగొచ్చేసరికి దాదాపు ఆరు గంటలు అయింది.

ఆ వార్త చదివి నేను నవ్వలేదు. ఎందుకంటే అంతకుముందే చిన్న సైజులో నేనూ అదే పని చేశాను.

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. సర్వర్లు ఊరి అవతల డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్న ర్యాక్‌లో ఉండేవి. రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని ఎస్ఎస్‌హెచ్‌లో ఫైర్‌వాల్ రూల్ మార్చా. ఎంటర్ కొట్టా. స్క్రీన్ కదల్లేదు. కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నానని అర్థమయ్యేలోపు కస్టమర్ ఫోన్లు మొదలయ్యాయి. సీనియర్‌కి ఫోన్ చేసి, "అన్నా, లాక్ అయిపోయా" అన్నాను. ఆయన ఒకటే అడిగారు: "బండిలో పెట్రోల్ ఉందారా?"

వానలో గంట ప్రయాణం. గేటు దగ్గర నా పాస్ గడువు అయిపోయిందన్నారు. ఇంకో ముప్పావు గంట అక్కడే పోయింది. లోపలికెళ్ళి మానిటర్, కీబోర్డ్ పెట్టి ఒక లైన్ తీసేస్తే సరిపోయింది. ఆ లైన్ తీయడానికి పట్టింది పది సెకన్లు. ఆ వారమే కేవీఎం కొన్నాం.

కేవీఎం అంటే కీబోర్డ్, వీడియో, మౌస్. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే కేవీఎం వేరు, రెండూ కలపకండి. ఇది ర్యాక్‌లో పెట్టే పెట్టె. ఒక్క కీబోర్డ్, ఒక్క మానిటర్‌తో పదహారు, ముప్పై రెండు సర్వర్లు చూసుకోవచ్చు. ఐపీ కేవీఎం అయితే ఆ స్క్రీన్‌ని నెట్‌వర్క్ మీద మన దగ్గరికి పంపుతుంది. సర్వర్‌లో నెట్‌వర్క్ చచ్చినా, అసలు ఓఎస్సే లేకపోయినా, బయాస్ స్క్రీన్ మన ల్యాప్‌టాప్‌లో కనపడుతుంది. ఎస్ఎస్‌హెచ్‌కీ దీనికీ తేడా ఇదే.

"ఇప్పటి సర్వర్లలో ఐలో, ఐడ్రాక్ ఉంటాయి కదా, కేవీఎం ఎందుకు?" అని అడుగుతారు. కరెక్టే. అవి ఉన్న సర్వర్లకి అవి చాలు. లైసెన్స్ లేక రిమోట్ స్క్రీన్ రాని సర్వర్లకి, పాతవాటికి, మామూలు పీసీ బోర్డులతో కట్టినవాటికి కేవీఎం కావాలి. రౌటర్లకి, స్విచ్‌లకి స్క్రీనే ఉండదు కాబట్టి వాటికి సీరియల్ కన్సోల్ సర్వర్ కావాలి. ముందు లిస్ట్ రాసుకుని, తర్వాత కొనండి.

ఇక సెటప్. ప్రతి సర్వర్‌కీ ఒక డాంగిల్ వస్తుంది. దానికి ఒకవైపు వీజీఏ లేదా హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ ఉంటాయి. రెండోవైపు మామూలు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి కేవీఎం పోర్ట్‌కి తెస్తాం. ఇక్కడ జాగ్రత్త. కేబుల్ చూడ్డానికి అదే అయినా, చాలా మోడల్స్‌లో అందులో నడిచేది ఈథర్నెట్ కాదు. పొరపాటున నెట్‌వర్క్ స్విచ్‌లో పెట్టకండి. మేము ఆ కేబుల్స్‌కి వేరే రంగు వాడతాం.

రెండు పవర్ సప్లైలు ఉన్న మోడల్ అయితే ఒకటి ఏ ఫీడ్‌కి, ఇంకోటి బీ ఫీడ్‌కి ఇవ్వండి. రెండూ ఒకే పీడీయూలో గుచ్చితే రెండు ఉండీ ఏం లాభం?

తర్వాత పేర్లు. పోర్ట్ 1, పోర్ట్ 2 అని వదిలేయొద్దు. సర్వర్ మీద స్టిక్కర్, కేబుల్ రెండు చివర్లా స్టిక్కర్, మెనూలో పేరు, మూడూ ఒకటే ఉండాలి. రాత్రి రెండింటికి నిద్రమత్తులో పక్క సర్వర్‌ని రీబూట్ చేసినవాళ్ళకి దీని విలువ తెలుసు.

మొదటి కాన్ఫిగరేషన్ ర్యాక్ దగ్గరే నిలబడి చేయండి. ఐపీ చేత్తో ఇవ్వండి, డీహెచ్‌సీపీకి వదలొద్దు. ఆ సర్వర్ పడిపోయిన రోజే కదా మనకి ఇది కావాల్సింది! ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. లాగిన్లు ఎల్‌డాప్‌కి కలిపినా, ఒక లోకల్ అకౌంట్ కూడా ఉంచి పాస్‌వర్డ్ సీల్డ్ కవర్‌లో దాచండి. కారణం అదే.

దీన్ని పబ్లిక్ ఐపీ మీద మాత్రం పెట్టొద్దు. ఇది దొరికినవాడు సర్వర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే. సర్వర్లలో ఉండే ఐపీఎంఐ 2.0లో లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హ్యాష్ బయటికిచ్చే లోపం ఉందని 2013లోనే తేలింది. అది ఆ ప్రోటోకాల్ డిజైన్‌లోనే ఉంది. అందుకే ఇలాంటివన్నీ వీపీఎన్ వెనకే ఉండాలి.

ఇప్పుడు నా రెండో తప్పు. ఇంత చేసి, కేవీఎం నెట్‌వర్క్ కేబుల్‌ని ఎక్కడ పెట్టానో తెలుసా? ఖాళీగా ఉందని మా మెయిన్ స్విచ్‌లోనే పెట్టా. ఆరు నెలల తర్వాత ఆ స్విచ్ పోయింది. సర్వర్లతో పాటు కేవీఎం కూడా పోయింది. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు తాళం వేసుకున్నట్టు. మళ్ళీ బండి, మళ్ళీ గేటు. ఈసారి సీనియర్ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

అందుకే ఇప్పుడు మేనేజ్‌మెంట్‌కి విడి స్విచ్, విడి లింక్, విడి వీపీఎన్ బాక్స్. రెండో లైన్ కొనే స్తోమత లేకపోతే 4జీ రౌటర్ అయినా పెట్టండి. కాకపోతే ఇనుప ర్యాకుల మధ్య సిగ్నల్ సరిగా రాదు, యాంటెన్నా ఎక్కడ పెట్టొచ్చో డేటా సెంటర్‌వాళ్ళని ముందే అడగండి.

ఇంకో సంగతి. కేవీఎం మనకి కళ్ళు, చేతులు ఇస్తుంది గానీ, పూర్తిగా హ్యాంగ్ అయిన సర్వర్ పవర్ బటన్ నొక్కదు. దానికి రిమోట్‌గా ఆపి ఆన్ చేసే పీడీయూ కావాలి. రెండూ ఉంటేనే సెటప్ పూర్తయినట్టు.

చివరగా టెస్ట్. అందరికీ చెప్పి, మెయింటెనెన్స్ టైమ్ తీసుకుని, మెయిన్ లింక్ కేబుల్ పీకేయండి. మీ ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో వీపీఎన్ ఎక్కి, ఒక సర్వర్‌ని రీబూట్ చేసి బయాస్ లోపలికి వెళ్ళండి. వెళ్ళగలిగితే పాస్. వెళ్ళలేకపోతే మీ దగ్గరున్నది ఖరీదైన పెట్టె మాత్రమే. మూడు నెలలకోసారి ఇది చేస్తాం. మొదటిసారి చేసినప్పుడు మేం ఫెయిలయ్యాం, వీపీఎన్ లాగిన్ కూడా మెయిన్ నెట్‌వర్క్‌లోని సర్వర్‌నే అడుగుతోంది!

కేవీఎం కొనే బడ్జెట్ లేని స్టూడెంట్స్‌కి ఒక మాట. రిమోట్‌లో నెట్‌వర్క్ మార్చేటప్పుడు వెనక్కి తిరిగే దారి పెట్టుకోండి. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై అని కొడితే, 120 సెకన్లలో మీరు ఓకే చేయకపోతే పాత సెట్టింగ్ తిరిగొస్తుంది. జునిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ ఉంది, మామూలుగా పది నిమిషాలు. ఆ రాత్రి నాకు ఈ ఒక్క ముక్క తెలిసుంటే వానలో తడిసేవాణ్ణి కాదు.

మీరెప్పుడైనా ఇలా బయట పడ్డారా? ఎలా లోపలికెళ్ళారో కామెంట్‌లో రాయండి, సిగ్గుపడొద్దు. వచ్చే ఎపిసోడ్‌లో సీరియల్ కన్సోల్ సర్వర్ కేబుల్స్ చూద్దాం. ఉంటాను మరి.