మఱచిన కొండ
(దేవరాపల్లి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



మీ మండలములోని రైవాడ జలాశయమును దాటి వచ్చు శారదానది అనకాపల్లి ప్రక్కగా పారి సముద్రమును చేరుచున్నది. ఆ అనకాపల్లికి సమీపముననే శంకరమను పల్లె కలదు. సంఘారామ శబ్దమే శంకరమయ్యెనని పండితులందురు. అచట ప్రక్కప్రక్కనే రెండు గుట్టలున్నవి: బొజ్జన్నకొండ, లింగాలకొండ. 1907-08 ప్రాంతమున అలెగ్జాండర్ రీ దొర త్రవ్వించి చూడగా, అది బౌద్ధభిక్షువుల విహారమని తేటపడెను.

లింగాలకొండపై ఱాతినే తొలిచిన స్తూపములు, చిన్నవియు పెద్దవియు, వరుసలు దీరియున్నవి. జనులు వానిని శివలింగములనుకొనిరి. కొండకు ఆ పేరే నిలిచెను. బొజ్జన్నకొండయన బుద్ధుని కొండయే. అచట మాత్రము బొజ్జవంటి యొక శిలారూపమును రాక్షసునిదని తలచి, కనుమనాడు ఱాళ్లు రువ్వు ఆచారము చిరకాలము సాగెను. తెలిసినవారు నచ్చజెప్పిన పిమ్మట జనులు దానిని మానిరి.

సోదరులారా, ఆలోచింపుడు. రెండు గుట్టలును ఒక్క విహారమునకు చెందినవే. లింగమనుకొన్నచోట చేతులు జోడించితిమి; రాక్షసుడనుకొన్నచోట ఱాయి విసరితిమి. భేదము శిలలో లేదు, మన యెఱుకలో నున్నది.

వైదికులకును బౌద్ధులకును వాదము లేదని మేమనము. ఆత్మ నిత్యమని ఉపనిషత్తులు చెప్పగా, నిత్యమైన ఆత్మ యేదియు లేదని బౌద్ధులు వాదించిరి. ఇది చిన్న భేదము కాదు. అయినను కర్మఫలమును, పునర్జన్మమును ఉభయులును అంగీకరించిరి. దేవాలయమునకువలెనే స్తూపమునకును ప్రదక్షిణము కలదు. క్రీ.శ. 3వ శతాబ్దిలో విజయపురినేలిన ఇక్ష్వాకురాజు శాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన సోదరి శాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యమునకు దానములొసగెను. ఒకే యింట యజ్ఞమును చైత్యమును రెండును నిలిచినవి.

వాదించుటకైనను ఎదుటివాని మాట వినవలెను గదా! మనము వినుట మానితిమి; పిమ్మట పేరును మఱచితిమి; ఆ పిమ్మటనే చేతికి ఱాయి వచ్చినది.

ఱాయి విసరుట మానినంతమాత్రమున మన పని తీరలేదు. రాబోవు కనుమకు పిల్లలను వెంటబెట్టుకొని పొండు. అది యెవరి కొండయో, అచట కూర్చుండి వారేమి చింతించిరో చెప్పుడు. వారి మతమును అంగీకరింపకున్నను సరియే, తెలిసి కాదనుడు. తెలియక కొలుచుటయు, తెలియక కొట్టుటయు రెండును మనకు తగవు.