అడయారు ఉప్పుటేటి యొడ్డున

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేడు మేము చెప్పబూనినది చెన్నపట్టణపు దక్షిణ భాగమున, అడయారు నది సముద్రమున కలియుచోట నున్న ఉప్పుటేటిని గూర్చియు, దాని యొడ్డున వెలసిన తోటను గూర్చియు. భాషాల్పసంఖ్యాకుల సభలో తోట ముచ్చట యేల యని కొందఱకు తోపవచ్చును. పాఠశాలల మాటయు వచ్చును. కాని ఆ యేటి వెంబడియే వచ్చును.

ఆ తోట పేరు తొల్కాప్పియ పూంగ. అడయారు పూంగ యనియు వ్యవహారము. పూంగ యనగా తమిళమున ఉద్యానము. తమిళుల ప్రాచీన వ్యాకరణమగు తొల్కాప్పియమును రచించిన తొల్కాప్పియరు పేర దీనికి నామకరణము చేసిరి. వీథులకు మంత్రుల పేళ్లు పెట్టు కాలమున తోటకొక వైయాకరణుని పేరు పెట్టుట మాకు మిక్కిలి నచ్చినది. పైగా ఆ గ్రంథమున కడలియొడ్డు నేల ప్రత్యేకమైన యొక భూభాగముగా పరిగణింపబడినది గనుక పేరు తగియే యున్నది. 58 ఎకరముల మేర 2011 జనవరిలో దీనిని ప్రారంభించిరి.

పచ్చికలు, పూలమళ్లు, ఊయెలలు వెదకువారికి ఇచ్చట నిరాశయే. ఇది చచ్చిన ఉప్పుటేటిని మరల బ్రతికించుటకు చేసిన ప్రయత్నము. పూర్వము పట్టణపు మురుగంతయు ఇందు చేరెడిది. పడగొట్టిన యిండ్ల ఇటుకముక్కలు, సున్నపు పెళ్లలు లారీలకొలది తెచ్చి ఇందు పోసెడివారు. 1990 దశకమున ఇందు కొంత మేర పూడ్చి కట్టడములు లేపుటకు యత్నములు సాగగా పౌరసంఘములవారు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. పిమ్మట చాలకాలమునకు చెత్తను త్రవ్వి తీసి, నీటిగుంటలు ఏర్పఱచి, మడచెట్లను, తీరపు నేలకు సహజమైన అడవిచెట్లను నాటిరి. నేడు కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు వచ్చుచున్నవి. అనేక సంవత్సరములు విద్యార్థి బృందములకును, ముందుగా అనుమతి పొందినవారికిని మాత్రమే ప్రవేశ మొసంగిరి. అప్పుడు సణిగినవారు పెక్కండ్రు. ఆ కట్టుబాటు సరియైనదే యని మా యభిప్రాయము. తినుబండారముల పొట్లములతో గుంపులు పోయినచోట పక్షి నిలువదు.

ఇక ఆ యేరు పనిచేయు తీరు చూడుడు. దినమునకు రెండు మారులు సముద్రము పోటెత్తి ఉప్పునీటిని లోనికి త్రోయును. రెండు మారులు ఆటుతో నీరు వెనుదీయును. ఈ రాకపోకలే ఉప్పుటేటికి ఊపిరి. మడచెట్టు వేళ్లకు బురదలో గాలి యందదు గనుక అవి మొలలవలె పైకి లేచి, ఆటువేళ గాలి పీల్చుకొనును. రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఆ వేళ్ల నడుమ దాగి పెరిగి సముద్రమునకు పోవును. కాని అడయారు మొగ యెల్లప్పుడు తెఱచియుండదు. ఈ తీరమున కెరటములు సంవత్సరములో అధికభాగము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. పందొమ్మిదవ శతాబ్ది చివర కట్టిన రేవు ఆ యిసుకను అడ్డగించుటచేతనే మెరీనా అంత వెడల్పయ్యెను. వేసవిలో నదిలో నీటి వేగము చాలక మొగకు అడ్డముగా ఇసుకమేట వేయును. అప్పుడు పోటు లోనికి రాదు, మురుగు బయటికి పోదు, ఏరు కుళ్లును. ఈశాన్య ఋతుపవనపు వానలకు వరద వచ్చి మేటను త్రెంచును. 2015 డిసెంబరు మొదటి దినములలో అడయారు పొంగి యిండ్లు ముంచినప్పుడు ఏటిగట్లను, పల్లపునేలలను పూడ్చి కట్టిన కట్టడముల వెల యెంతయో పట్టణమెల్ల ఎఱిగినది. ఆ రాత్రులు మేడలమీద గడపినవారు ఈ సభలోనే కొందఱు గలరు.

ఆటు, పోటు, మొగ, మేట, మడ, ఉప్పుటేరు, పఱ్ఱ. ఈ మాటలు మేము నిఘంటువున వెదకి తెచ్చినవి కావు. నెల్లూరు, ప్రకాశము, కృష్ణ తీరములనుండి తరముల క్రిందట వచ్చిన మన యిండ్లలో పెద్దల నోట ఇంకను ఉన్నవి. ఇదే యేటి యొడ్డున మన పిల్లవానిని నిలిపి అడిగినచో 'టైడు', 'బ్యాక్‌వాటరు' అనును. తమిళమున నడిగినను చక్కగా చెప్పును. తెలుగున మాత్రము 'నీళ్లు' అని యూరకుండును. వాని తప్పేమియు లేదు. ఆ మాట పుట్టుటకు తగిన తావునకు వానిని మన మెన్నడు తీసికొనిపోయితిమి? 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట తమిళము పాఠశాలలలో తప్పనిసరి యయ్యెను. తమిళము నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు. నిలిచిన నేల భాష నేర్వకుండుట మర్యాదయు కాదు. అడయారులోని 'ఆఱు', మన 'ఏఱు' ఒకే మూలమునుండి వచ్చిన తోబుట్టువులు. చిక్కెల్ల తెలుగునకు మిగులు గంట తఱిగిపోవుటయే. బడిలో తఱిగినది మఱియొకచోట పూరింపవలెను. దానికి ఈ యేటిగట్టు తగినదని మేము ప్రతిపాదించుచున్నాము.

ఇది పరుల సొత్తనుకొని సంకోచింపనక్కఱలేదు. తోటప్రక్కగా అడయారు వంతెనకు పోవు వీథికి డాక్టరు దుర్గాబాయి దేశముఖ్ పేరు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె 1937లో ఈ పట్టణముననే ఆంధ్ర మహిళాసభను నెలకొల్పెను. ఆ సంస్థ ఆ వీథిలోనే యున్నది. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెఱకేగిన యామె పేరు ఉప్పుటేటి యొడ్డునకే దక్కుట యాదృచ్ఛికమే యైనను మాకు సంతోషము. ఆ వీథిని నిత్యము దాటిపోవు మన బాలికలలో ఎందఱికి ఆమె తెలుగువనిత యని తెలియునో పెద్దలు ఇంటికి పోయి అడిగి చూడుడు.

నదికి ఆవలి గట్టున దివ్యజ్ఞాన సమాజపు తోటలు, 250 ఎకరములకు పైన. సమాజము 1882లో అచ్చటికి వచ్చెను. అందలి పెద్ద ఊడలమఱ్ఱి మూలస్తంభము 1989 గాలివానకు కూలినను ఊడలు నిలిచి చెట్టు బ్రతికియున్నది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1909లో తండ్రితో అచ్చటికి వచ్చి, ఆ తీరమున లెడ్‌బీటరు కంటబడిన కథ మీరెఱిగినదే. అందఱు ఎఱుగనిది వేఱొకటి గలదు. అప్పటికి ఆంగ్లము సరిగ రాని ఆ తెలుగు బాలుడు, అటుపిమ్మట ఆంగ్లమే వినుచు, ఆంగ్లమే పలుకుచు పెరిగి తన తెలుగును మఱచెనని ఆయన జీవితచరిత్రలు చెప్పుచున్నవి. లోకమునకు ఆయన చెప్పినదంతయు పరభాషలోనే. 1986 జనవరిలో ఆయన చివరి ప్రసంగము ఈ చుట్టుపట్లనే, గ్రీన్‌వేసు వీథిలోని వసంతవిహారమున జరిగెను. అంతటి వానికే ఒక తరములో పోయిన భాష, సామాన్యుల యిండ్లలో నాలుగైదు తరములు నిలిచినది. ఇందుకు మన అమ్మమ్మలను, నాయనమ్మలను ఎంత కొనియాడినను తక్కువయే.

ఇంకొక బంధువు బకింగుహాము కాలువ. కృష్ణా డెల్టా కాలువలనుండి సముద్రపుటొడ్డు వెంబడి చెన్నపట్టణము మీదుగా ఇంకను దక్షిణమునకు సాగిన జలమార్గము. 1876–78 నాటి ధాత కరువున కూలికి వచ్చిన దరిద్రులచేత కూవమును అడయారును కలుపు భాగమును త్రవ్వించిరి; ఆనాటి గవర్నరు పేరు దానికి వచ్చినది. వడ్లు, కట్టెలు, ఉప్పు పడవలపై ఈ దారినే తెలుగుసీమనుండి వచ్చెడివి. నేడు పట్టణములో కాలువనడుమ స్తంభములు నాటి రైలు నడుపుచున్నారు. పడవ పోవు దారి కాదది, మురుగు దారి. దానిని చూపునప్పుడు పిల్లలకు ముక్కు మూసికొనుటకు చేతిగుడ్డ ఇచ్చి, కథ మాత్రము చెప్పుడు.

బెసెంటునగరు వైపు పోయినచో విఱిగిన వంతెన కనబడును: 1967లో కట్టినది, 1977లో కూలినది. మొగకు అంత చేరువను నది దేనిని నిలువనిచ్చునో, దేనిని నిలువనీయదో అది చూపును. అచ్చటి బెస్తవాడల వారితో మాటలాడిన మొగ సంగతి మాకంటె బాగుగా చెప్పుదురు. జనవరి మొదలు మార్చి దాక రాత్రులందు సముద్రపు తాబేళ్లు ఆ యిసుకలో గ్రుడ్లు పెట్టును. 1988 నుండి విద్యార్థులు తీరము వెంబడి నడచి ఆ గ్రుడ్లను కాపాడుచున్నారు. 2025 జనవరిలో ఈ తీరమున వందలకొలది తాబేళ్లు చచ్చి కొట్టుకొనివచ్చుట మీరు పత్రికలలో చదివియుందురు. వలలలో చిక్కి ఊపిరాడక చచ్చినవే అందు పెక్కు.

మా ప్రతిపాదన యిది. నెలకొక ఆదివారము ఉదయము ఆఱు గంటలకు, ఎండ ముదురకముందే, పది పండ్రెండుగురు పిల్లలకు మించకుండ ఒక బృందము పోవలెను. తోట ప్రవేశ నియమములు కార్యదర్శిగారు ముందుగా కనుగొందురు. అనుమతి లేనినాడు వంతెన ప్రక్కనుండియో, తీరమునుండియో చూడవచ్చును. ప్రతి బృందమునకు ఇద్దఱు పెద్దలు తోడుండి తెలుగుననే చెప్పవలెను. పిల్లలు వేఱొక భాషలో ప్రశ్న వేసినను వారింపక, బదులు మాత్రము తెలుగున ఇయ్యవలెను. ఇంటికి వచ్చినపిమ్మట పిల్లవాడు చూచినదానిని నాలుగు పంక్తులు తెలుగులిపిలో వ్రాయును. లిపి రానివాడు బొమ్మ గీయును. క్రింద పేరు అమ్మమ్మ వ్రాయించును. మొదటి బృందమునకు ఏడుగురి పేళ్లు ఇప్పటికే వచ్చినవి.

మఱియు ఏరు, సముద్రము, పడవ, వల, చేప, ఇసుక, గాలి యివి సంబంధించిన మాటలు మీ యిండ్లలో పెద్దల నోట ఏవి యున్నను, ఏ యూరినుండి వచ్చినదో చేర్చి, చీటిపై వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపుడు. తప్పొప్పుల విచారము వలదు. వినినది వినినట్లే వ్రాయుడు. వచ్చినవానిని వారము వారము ఈ పత్రికయందే ముద్రింతుము.