దోమలన్నిటినీ చంపక్కర్లేదు: రోనాల్డ్ రాస్ వేసిన లెక్క

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక దోమ ఉంది, ఒక డాక్టర్ ఉన్నాడు, కొంచెం లెక్క ఉంది. లెక్క అనగానే స్కిప్ కొట్టకండి. గుణకారం వస్తే చాలు, ఇది మొత్తం అర్థమవుతుంది.

ముందు ఒక ప్రశ్న. ఒక ఊళ్లో మలేరియా పూర్తిగా పోవాలంటే ఎన్ని దోమల్ని చంపాలి? అన్నిటినీ, అనిపిస్తుంది కదా? వందేళ్ల కిందట చాలామంది డాక్టర్లూ అలాగే అనుకున్నారు. అన్నిటినీ చంపడం ఎవరి వల్లా కాదు కాబట్టి ఆ పనికి డబ్బు పెట్టడం దండగ అన్నారు. వాళ్లకు జవాబు ఒక ఈక్వేషన్ నుంచి వచ్చింది.

కథ మన సికింద్రాబాద్‌లో మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న అక్కడ పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్, ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమ ఊరికే దొరికింది కాదు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనను దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు రాస్ ఆయనకు ఒక అణా ఇచ్చాడు. ఈ పనికే 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినం అంటున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన బిల్డింగ్ ఇప్పటికీ ఉంది.

మనలో చాలామందికి తెలిసిన కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు ఇంకా ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది దీని తర్వాత జరిగింది.

దోమే కారణమని తేలింది కదా, మరి దోమల్ని తగ్గిద్దాం అన్నాడు రాస్. 1900ల మొదట్లో లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఆ ప్రయత్నం చేశారు. గుంటలు పూడ్చారు, కాలువలు శుభ్రం చేశారు. అయినా దోమలు మళ్లీ వచ్చాయి, జ్వరాలూ ఆగలేదు. చూశారా, ఇది అయ్యే పని కాదు అన్నారు విమర్శకులు. రాస్ ఊరుకోలేదు. కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చున్నాడు. 1908లో మారిషస్ దీవి మలేరియా గురించి రాసిన రిపోర్టులో, తర్వాత 1910లో వచ్చిన తన పుస్తకంలో ఆ లెక్కలు పెట్టాడు.

ఇప్పుడు ఆ లెక్క ఏంటో చూద్దాం. కాలంతో పాటు మారే దేన్నైనా అర్థం చేసుకోవడానికి రెండే రెండు కావాలి. ఈరోజు పరిస్థితి ఏంటి? ఈరోజు నుంచి రేపటికి వెళ్లే రూల్ ఏంటి? ఈ రెండూ తెలిస్తే రేపు తెలుస్తుంది. రేపు తెలిస్తే ఎల్లుండి తెలుస్తుంది. చక్రవడ్డీ సరిగ్గా ఇదే కదా: ఇప్పుడున్న అప్పు, దాని మీద వడ్డీ రేటు. ఇలాంటి రూల్‌ను లెక్కలో రాస్తే దాన్నే మోడల్ అంటాం.

మలేరియాకు రూల్ ఇది. ఒక రోగి నుంచి, దోమల ద్వారా, సగటున ఎంతమంది కొత్తవాళ్లకు జ్వరం అంటుకుంటుంది? ఆ సంఖ్యను ఆర్ అందాం. కరోనా టైంలో టీవీలో విన్నారే, అదే ఆర్.

ఆర్ 3 అనుకోండి. ఒకరి నుంచి ముగ్గురు, ముగ్గురి నుంచి తొమ్మిది మంది, తర్వాత 27, 81, 243. పది రౌండ్లకు 59 వేలు దాటుతుంది. నిజంగా ఊళ్లో అంతమంది ఉండరు కాబట్టి ఎక్కడో ఆగుతుంది, అది వేరే విషయం.

ఇప్పుడు ఆర్ 0.9 అనుకోండి. ఊళ్లో వంద మంది రోగులు ఉన్నారు. తర్వాతి రౌండ్‌లో 90, ఆ తర్వాత 81, తర్వాత 73. పది రౌండ్లకు 35. ఇలా తగ్గుతూ తగ్గుతూ 44 రౌండ్లకు ఒకటి కంటే కిందికి వస్తుంది. అంటే ఆ జబ్బు ఊరు వదిలి వెళ్లిపోయినట్టే. గమనించండి, ఊళ్లో దోమలు ఇంకా ఉన్నాయి, కుడుతూనే ఉన్నాయి. మలేరియా మాత్రం లేదు!

రాస్ చెప్పింది ఇదే. ఒక గీత ఉంది. ఆ గీత 1. ఆర్ ఒకటికి పైన ఉంటే జబ్బు నిలబడుతుంది, కింద ఉంటే దానంతట అదే ఆరిపోతుంది. మన ఉదాహరణలో ఆర్ 3. దోమలు సగానికి తగ్గితే ఆర్ 1.5. ఊరంతా కష్టపడ్డారు, సగం దోమలు పోయాయి, అయినా మలేరియా పోలేదు. బయటినుంచి చూసేవాళ్లు ఫెయిల్ అంటారు. కానీ ఇంకొంచెం తగ్గించి, మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ పోతే చాలు, గీత దాటేస్తాం. ప్రతి దోమనూ వెతికి చంపక్కర్లేదు.

సరే, దోమల సంఖ్య ఒక్కటేనా మార్గం? కాదు. మోడల్ అసలు ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. ఏ నాబ్ తిప్పితే ఎంత ఫలితమో అది చూపిస్తుంది.

మొదటి నాబ్ దోమల సంఖ్య. సగం చేస్తే ఆర్ సగం అవుతుంది, అంతే.

రెండో నాబ్ దోమకాట్లు. మలేరియా అంటించాలంటే దోమ రెండుసార్లు కుట్టాలి. ముందు రోగిని కుట్టి పరాన్నజీవిని తీసుకోవాలి, తర్వాత ఇంకొకర్ని కుట్టి ఇవ్వాలి. మనుషుల్ని కుట్టడం సగానికి తగ్గితే, మొదటి కాటూ సగం, రెండో కాటూ సగం. సగంలో సగం, అంటే పావు. ఆర్ 3 కాస్తా 0.75 అయిపోయింది. ఒక్క దోమ కూడా చావకుండానే గీత కిందికి వచ్చేశాం! దోమతెర విలువ ఇది.

మూడో నాబ్ దోమ ఆయుష్షు. దోమలోకి వెళ్లిన పరాన్నజీవి వెంటనే ఇంకొకరికి అంటదు. అది లోపల పెరగడానికి పది రోజులో ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. ఆలోగా దోమ చచ్చిపోతే కథ అయిపోయినట్టే. రోజుకు 90 శాతం దోమలు బతుకుతాయనుకుంటే, వందలో పది రోజుల తర్వాత మిగిలేవి 35. అదే రోజుకు 80 శాతం అయితే? మిగిలేవి 11 మాత్రమే. చిన్న మార్పు, కానీ పదిసార్లు గుణించేసరికి పెద్దదైంది. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రవేత్త రాస్ లెక్కను ముందుకు తీసుకెళ్లి దీన్ని తేల్చి చెప్పాడు. రక్తం తాగిన దోమ ఇంటి గోడ మీద వాలి రెస్ట్ తీసుకుంటుంది. ఆ గోడ మీద డీడీటీ కొడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. గోడలకు మందు కొట్టడం ఎందుకు అంత బాగా పనిచేస్తుందో లెక్కలో కనిపించింది.

మన దేశంలో 1947లో ఏడాదికి దాదాపు 7.5 కోట్ల మలేరియా కేసులు ఉండేవని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు దాదాపు లక్షకు పడిపోయాయి. సూపర్ కదా? కానీ 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి.

ఏమైంది? కేసులు తక్కువ ఉండటం వేరు, ఆర్ తక్కువ ఉండటం వేరు. పొయ్యిలో నిప్పు కనబడకపోయినా కట్టెలు ఎండి ఉంటే ఒక్క రవ్వ చాలు. శ్రీలంకలో 1963లో నమోదైన కేసులు 17 మాత్రమే. ఇక అయిపోయిందని మందు కొట్టడం ఆపేశారు. ఆర్ మళ్లీ గీత పైకి వచ్చింది. 1968, 69 వచ్చేసరికి కేసులు లక్షల్లోకి వెళ్లాయి. మళ్లీ దశాబ్దాలు కష్టపడ్డాక, 2016లో ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇంకో కారణం కూడా ఉంది. మనం లెక్కలో దోమ ఎప్పటికీ ఒకేలా ఉంటుందనుకున్నాం. కానీ డీడీటీ తట్టుకోగల కొద్ది దోమలు మిగిలి, వాటి పిల్లలే ఎక్కువయ్యాయి. అంటే వ్యవస్థలో సంఖ్యలే కాదు, రూల్ కూడా మారింది. మోడల్ తప్పు కాదు, అందులో మారదని అనుకున్నది మారిపోయింది.

ఈ లెక్క మలేరియా దగ్గరే ఆగలేదు. రాస్‌తో కలిసి పనిచేసిన మెక్‌కెండ్రిక్ అనే డాక్టర్, కెర్మాక్ అనే ఇంకొకాయనతో కలిసి 1927లో అంటువ్యాధుల మోడల్ ఒకటి ఇచ్చాడు. దాన్ని పోల్చి చూసింది బొంబాయిలో 1905, 06లో వచ్చిన ప్లేగు మరణాల లెక్కలతో. కరోనాలో మీరు చూసిన చాలా గ్రాఫులకు మూలం అక్కడుంది.

కాబట్టి ఇకముందు ఫోన్‌లో ఎవరైనా పైకి లేచే గ్రాఫ్ ఒకటి ఫార్వర్డ్ చేసి, వచ్చే నెల ఇంత అవుతుంది అంటే, షేర్ కొట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి. రేపటికి వెళ్లే రూల్ ఏం పెట్టారు? అందులో ఏవి మారవని అనుకున్నారు? అది వ్యాధి కావచ్చు, చెరువులో నీళ్లు కావచ్చు, అప్పు కావచ్చు. జవాబు లేకపోతే అది ఉత్త బొమ్మే.

చివరగా మీకో చిన్న పని. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరవండి. ఆర్ 4 ఉన్న ఊళ్లో దోమకాట్లు సగం చేస్తే ఆర్ ఎంత? ఆ ఊళ్లో వంద మంది రోగులు ఉంటే పది రౌండ్ల తర్వాత ఎంతమంది? జవాబు కామెంట్‌లో పెట్టండి. కొంచెం ఆలోచించండి, అందులో చిన్న తమాషా ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు ఇంట్లో నిల్వ నీళ్లు ఉంటే పారబోయండి. ఉంటాను!