స్పైక్ బోర్డు: మన ఇల్లు, మన దానం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఏటా ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించి మాట్లాడమంటారు. ఈసారి హాస్టల్ కమిటీవారు వేరే పని అప్పజెప్పారు. హాస్టల్ గదుల్లో వాడుతున్న కరెంటు బోర్డులు ఒకసారి చూసి పెట్టమన్నారు. బడిలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కదా, స్క్రూడ్రైవరు పట్టుకొని ఒక్కొక్కటే విప్పాను. అక్కడ చూసిందే ఈ రోజు మీ ముందు పెడతాను.

స్పైక్ బోర్డు అంటే అందరికీ తెలుసు. పొడుగాటి ప్లాస్టిక్ పెట్టె, నాలుగైదు సాకెట్లు, వెలిగే ఎర్ర స్విచ్చి. టీవీకి, కంప్యూటరుకు, ఫ్రిజ్జుకు రక్షణ అని కొంటాం. అసలు రక్షణ ఇచ్చేది లోపల ఉండే బొత్తాం అంత చిన్న బిళ్ళ. దాన్ని వేరిస్టర్ అంటారు. జింక్ ఆక్సైడుతో చేస్తారు. మన చెరువుకు అలుగు ఎలాంటిదో బోర్డుకు ఇది అలాంటిది. నీరు మామూలు మట్టంలో ఉన్నంతసేపు అలుగు ఊరికే ఉంటుంది. వరద వచ్చి మట్టం పెరిగితే ఆ ఎక్కువ నీటిని పక్కకు వదిలి గట్టును కాపాడుతుంది. అలాగే మామూలు 230 వోల్టుల దగ్గర ఈ బిళ్ళ కరెంటును దాదాపు పోనివ్వదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగిరితే దారి తెరిచి, ఆ దెబ్బ టీవీ మీద పడకుండా తాను తీసుకుంటుంది.

కానీ ప్రతి వరదకూ అలుగు రాళ్ళు కొన్ని కదులుతాయి. ఈ బిళ్ళ కూడా ప్రతి దెబ్బకూ కొంత అరిగిపోతుంది. కొన్నేళ్ళకు మామూలు వోల్టేజి దగ్గరే కొద్దికొద్దిగా కరెంటు కారడం మొదలవుతుంది. కారితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా ఎక్కువ కారుతుంది. చివరకు ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది. మన వీధుల్లో ఇంకో ప్రమాదం ఉంది. గాలివానకు స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే కొన్ని ఇళ్ళకు 400 వోల్టుల దాకా వచ్చే అవకాశం ఉంది. రెప్పపాటు దెబ్బకు తయారుచేసిన బిళ్ళ నిమిషాల తరబడి వచ్చే అంత వోల్టేజికి తట్టుకోలేదు. అందుకే మంచి తయారీదారు ఆ బిళ్ళను ఆనించి, వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు పెడతాడు. మామూలు ఫ్యూజు ఒక్కటే చాలదు. బిళ్ళ కాలడానికి సరిపోయే కరెంటు ఆ ఫ్యూజు తెగడానికి సరిపోకపోవచ్చు.

హాస్టల్ బోర్డుల్లో కొన్నింటికి అసలు బిళ్ళే లేదు. పైన స్పైక్ గార్డ్ అని అక్షరాలు, లోపల ఉత్త తీగలు. కొన్నింటికి బిళ్ళ ఉంది, దాని పక్కన వేడి ఫ్యూజు లేదు. ఒకదానిలో బిళ్ళ నల్లగా మాడి ఉంది. అయినా పైన ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది, రక్షణ ఉందని కాదు. రక్షణ పోతే ఆరిపోయే లైటు మంచి రకాలకు వేరుగా ఉంటుంది. ఎర్తు రంధ్రానికి లోపల తీగే కలపని బోర్డులూ కనబడ్డాయి. మూడు రంధ్రాలు చూసి మనం నిశ్చింతగా ఉంటాం!

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంగతి మనందరం విన్నదే. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెబితే, ఆ తడిసింది జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు ఇది. ఖాళీ పెట్టెకు రక్షణ పేరు పెట్టి అమ్మడం ఆ తడి ధాన్యం బేరం కన్నా హీనమైనదని నా అభిప్రాయం. తడి ధాన్యంతో నష్టపోయేది డబ్బు. ఇక్కడ పక్కనే పిల్లలు నిద్రపోతుంటారు. మన సభలో ఎలక్ట్రికల్ దుకాణాలు నడిపే సోదరులు ఉన్నారు, వారిని నొప్పించాలని కాదు. వారికీ సరుకు మూసిన పెట్టెల్లోనే వస్తుంది. కానీ రాశిలో చేయి పెట్టి చూడగలిగింది వారే.

చవక సరుకుతోనే ఈ గొడవ అనుకోకండి. 2013 అక్టోబరులో అమెరికాలో ఏపీసీ కంపెనీవారి సర్జ్ అరెస్ట్ 7, 8 సిరీస్ బోర్డులను వెనక్కు పిలిచారు. దాదాపు కోటీ యాభై లక్షల బోర్డులు. వేడెక్కి కరిగిపోయాయని 700 ఫిర్యాదులు, ఆస్తినష్టం జరిగిందని 55, గాయాలు 13 నమోదయ్యాయి. పేరున్న కంపెనీ, తప్పు ఒప్పుకొని కొత్తవి ఉచితంగా ఇచ్చింది. అయితే అవన్నీ 2003కు ముందు తయారైనవి. పిలుపు వచ్చేసరికి వాటి వయసు పదేళ్ళు దాటింది. ఈలోగా ఎన్ని చేతులు మారాయో, కొత్తది కొన్నవారు పాతదాన్ని ఎవరి ఇంటికి పంపారో ఎవరికి తెలుసు?

మన సొసైటీ సంగతి ఇక్కడే వస్తుంది. హాస్టల్లో నేను విప్పినవాటిలో చాలా భాగం మనవాళ్ళు ఇళ్ళలో కొత్తవి కొనుక్కొని, పాతవి సవాబు కోసం తెచ్చి ఇచ్చినవే. వారి నియ్యత్‌ను నేను శంకించను. కానీ అల్ బఖరా సూరా 267వ ఆయతు చదివినప్పుడు, మనకు ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుంటే తప్ప పుచ్చుకోలేని వస్తువును దానానికి ఎంచుకోవద్దన్న భావం మనకు తెలుస్తుంది. చొక్కా పాతదైతే తొడుక్కోవచ్చు. సైకిలు పాతదైతే బాగుచేసుకోవచ్చు. అరిగిన స్పైక్ బోర్డు అలాంటిది కాదు. అది ఎంత అరిగిందో పైకి కనబడదు, ఇచ్చేవారికీ తెలియదు, తీసుకునేవారికీ తెలియదు. అందుకే పాత బోర్డులు తీసుకోకూడదని, ఉన్నవాటిని తీసేసి కొత్తవి కొనాలని కార్యవర్గానికి లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఖర్చు అవుతుందన్నారు. అవుతుంది. ఈ ఏడు సావనీరుకు నాలుగు రంగుల అట్ట లేకపోయినా ఫరవాలేదని నా మనవి.

కొనేటప్పుడు ఏం చూడాలని అక్కయ్యలు అడుగుతున్నారు. ప్లగ్గులకు, సాకెట్లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 1293. ఐఎస్ఐ గుర్తు కింద లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో నకిలీదో తెలుస్తుంది. రక్షణ ఎంతో జౌళ్ళలో రాసి ఉందా చూడండి. ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్ళి ప్లగ్గు పిన్నుకు ఆనించండి. ఇత్తడికి అంటదు, అంటుకుందంటే లోపల ఇనుము. ఇది మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగలరు. బోర్డు మీద 6 ఆంపియర్లు అని ఉంటే 1380 వాట్లకు మించి పెట్టకూడదు. రంజాన్‌లో సహరీ వేళ తొందరలో 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దానికే తగిలిస్తాం, పక్కన కెటిల్ కూడా. కరెంటు రెట్టింపైతే తీగలో వేడి నాలుగు రెట్లవుతుంది. పొయ్యి, గీజరు, నీళ్ళు కాచే రాడ్డు గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టాలి. ఉరుములు మొదలవగానే ప్లగ్గులు పీకేయండి. ఇంటి మీద పడే పిడుగును ఏ బోర్డూ ఆపలేదు. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమని హదీసుల్లో ఉంది. మంచం కింద, పరుపు పక్కన వెలిగే ఈ బోర్డు కూడా ఒక దీపమే అనుకోండి.

బిల్లు తప్పకుండా అడగండి. జీఎస్టీ ఎక్కువవుతుందంటారు, అయినా వదలొద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారు మీదా, అమ్మినవారి మీదా పరిహారం కోరవచ్చు. రెండేళ్ళ లోపు జిల్లా కమిషన్‌కు వెళ్ళాలి. 5 లక్షల వరకు పెట్టి కొన్న వస్తువుకు ఫీజు లేదు. అంతకుముందు 1915కు ఫోన్ చేసి చెప్పవచ్చు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే అని చట్టంలో ఉంది. కాబట్టి హాస్టల్ కోసం కొనే ప్రతి బోర్డు బిల్లు సొసైటీ పేరున ఫైలులో ఉండాలి.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తర్వాత హాస్టల్ వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటాను. మీ ఇళ్ళలో పాత బోర్డులు ఉంటే సంచిలో వేసి తీసుకురండి. మీ ఎదుటే విప్పి చూపిస్తాను. పనికిరానివాటి తీగ అక్కడికక్కడే కత్తిరించి పక్కన పెడదాం. మళ్ళీ ఎవరి ఇంటికీ చేరకుండా ఉంటాయి.