కుర్చీ లేని ఇంటి నుంచి వచ్చిన కుర్చీ

రేడియోలో కుర్చీని చూపించడం కష్టమే. మీరు కాసేపు కళ్ళు మూసుకుంటే నా పని తేలికవుతుంది.

విక్టోరియా కాలపు లండన్. కలిగినవాళ్ళ హాలు. గుర్రపు వెంట్రుకలు కూరి బొత్తాలు బిగించిన బొద్దు సోఫాలు, కాళ్ళ నిండా నగిషీ, కుచ్చులు. జానెడు జాగా ఖాళీగా ఉంటే లోటన్నట్టు నింపేసేవారు. ఓ మూల నేను చెప్పబోయే కుర్చీ: నల్లగా, బక్కపలచగా, ఒంటిచేత్తో ఎత్తేటట్టు. సన్నటి కాళ్ళు, వీపు దగ్గర అడ్డం నిలువు పుల్లల జాలీ, పేము అల్లిన సీటు.

ఈ రూపం ఎక్కడిదంటే, 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో, జపాన్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ తాను సేకరించిన వస్తువులు పెట్టాడు. దాంతో జపాన్ మోజు ముదిరింది. ఆ మోజులో పడి ఇలాంటి సామాను గీసినవాడే ఎడ్వర్డ్ విలియం గాడ్విన్ అనే ఆర్కిటెక్టు. ఆయన జపాన్ వెళ్ళిందే లేదు.

చిక్కేమిటంటే, ఆనాటి జపాన్ ఇళ్ళలో మామూలుగా కుర్చీయే ఉండేది కాదు. చాప మీద కూర్చునేవారు. మరి నమూనా ఏది? ఇల్లే నమూనా అయింది. కాగితం అంటించిన జారుడు తలుపు చట్రం కుర్చీకి వీపైంది. స్తంభాలూ దూలాలూ కాళ్ళూ అడ్డకమ్ములూ అయ్యాయి. లావుపాటి కాళ్ళు అలాగే ఉంచి, పైన ఓ విసనకర్రా ఓ కొంగా చెక్కి జపానీ అని అమ్మినవీ ఉన్నాయి. అవి నాకు ఆనవు.

నలుపు చూసి ఎబొనీ అనుకునేరు. చాలావరకు బీచ్ లాంటి మామూలు కలపే. లాగ్‌వుడ్ అనే చెట్టు చెక్క కషాయం పట్టించి, పైన ఇనుము నానిన వెనిగర్ పూస్తే కర్ర నల్లబడుతుంది. మన కలంకారీవాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనప తుప్పూ బెల్లమూ ఊరిన నీళ్ళతో నలుపు తీస్తారే, అలాంటి కిటుకే. బూటు మడమ తగిలే కింది కమ్మీ మీద ఆ నలుపు అరిగి లేత కర్ర బయటపడుతుంది. బేరమాడేవాళ్ళు దాన్ని లోపమంటారు. మళ్ళీ రంగు వేయించిన కుర్చీ కన్నా నాకు అదే ముద్దు.

ఇక పుల్లల్ని వదిలి, వాటి మధ్య సందుల్ని చూడండి. వెనక గోడ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. గాడ్విన్ లెక్కలో ఆ ఖాళీ కూడా సామానే. మీ పిల్లలెవరైనా లండన్‌లో ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన 1867 నాటి నల్ల సైడ్‌బోర్డు ముందు నిలబడండి. నడిమధ్యన పెద్ద ఖాళీ వదిలాడు. అక్కడ ఇంకో అర పట్టేది. పెట్టలేదు.